నీలం అంటే సబ్బు

కొత్త ఇల్లు,
వంటగది గుమ్మం

వదినగారికి నమస్కారాలు.

మేం కొత్త ఇంట్లో దిగాం. దిగామంటే నేనూ పాపా దిగాం, సామాన్లు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. మీ తమ్ముడు మంచాలు లోపల పెట్టించి, గోడకి ఒక్క మేకైనా కొట్టకుండా గూడ్సుబండి ఎక్కి వెళ్లిపోయారు. రైలు గార్డుని చేసుకుంటే ఇంటికి నేనే గార్డునవుతానని పెళ్లికి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. మీరైనా చెప్పలేదు.

ఇల్లు మాత్రం బాగుంది. రెండు గదులు, పొడుగాటి వంటగది, వెనకాల బోలెడంత ఖాళీ జాగా, ఆ జాగా మధ్యలో చేతిపంపు. నాలుగు ఊపులు ఊపితే చాలు, బిందె నిండిపోతుంది. పాత ఇంట్లో వీధికుళాయి దగ్గర బిందెల యుద్ధాలు మీరు చూశారు కదా. ఇక్కడ రాణీగారిలా నా పంపు నాదే. మీ తమ్ముడు కూడా ఈ పంపుని చూసే ఇల్లు ఖాయం చేశారు.

ఒక సీసా నీళ్లు బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. బట్టలుతికే కంపెనీలు వదిలే నీళ్లన్నీ మీ ల్యాబుకే వస్తాయి కదా, వాటి మధ్యలో మా సీసాని కూడా ఒకసారి చూసిపెట్టండి. మీరు నీళ్లలో వేసే ఆ తెల్ల ఉప్పు పేరు మళ్లీ మర్చిపోయాను. మాలిబెడ్డ కదూ? తోటమాలి చేతిలో మట్టిబెడ్డ అని గుర్తుపెట్టుకున్నాను. నవ్వకండి.

పాపకి ఆరో నెల నడుస్తోంది. ముక్కు అచ్చం మీదే. కోపం కూడా మీదేనని మీ తమ్ముడు అంటున్నారు, నేను అనడం లేదు.

మీ మరదలు

*

ల్యాబు,
కిటికీ పక్క బల్ల

మరదలికి,

మాలిబెడ్డ కాదే తల్లీ, అమ్మోనియం మాలిబ్డేటు. అయినా నువ్వు పెట్టిన పేరే నయం. మా డబ్బాలో అది నిజంగానే బెడ్డలు కట్టి ఉంటుంది, చెంచాతో పొడిచి తీయాల్సి వస్తుంది. చూడటానికి ముతక పంచదారలా ఉంటుంది. నీళ్లలో కరిగిస్తే ఏ రంగూ ఉండదు. అందులో ఆమ్లం కలిపి, మనం చూడాల్సిన నీళ్లు పోసి, చిటికెడు విటమిన్ సి పొడి వేస్తాం. ఫాస్ఫేటు ఉన్న నీళ్లయితే కాసేపట్లో నీలంగా తిరుగుతాయి. ఫాస్ఫేటంటే సబ్బుపొడిలోనూ ఎరువులోనూ ఉండేది. మాకు పొద్దస్తమానం వచ్చేవి సబ్బు నీళ్లే కాబట్టి ఇక్కడ అందరం దీన్ని సబ్బు పరీక్ష అంటాం. నీలం వస్తే ‘సబ్బు’ అని రాసేసి తర్వాతి సీసా ఎత్తుకుంటాం.

నీ నీళ్లు నీలం వచ్చాయి. బాగానే వచ్చాయి. చుట్టుపక్కల ఎవరో బట్టలుతికిన నీళ్లు భూమిలోకి దిగుతున్నట్టున్నాయి. కంగారు పడకు. సబ్బు వల్ల మనిషికి ఏమీ కాదు, దాని వెంట వచ్చే క్రిములతోనే గొడవ. అందుకని మరగబెట్టి తాగండి. ఆవిరి కనబడగానే దించేయడం కాదు, బాగా మరగాలి.

ఇంకో మాట. ఆరు నెలలు నిండగానే పాపకి మరిగించిన నీళ్లు, మెత్తటి తిండి అలవాటు చెయ్యి. ఉత్త తల్లిపాల మీద ఎన్నాళ్లుంటుంది? నీ సంగతి నాకు తెలుసు, అది కాస్త మూతి ముడిస్తే నువ్వు కరిగిపోతావు. ఈ విషయంలో మెత్తబడకు. రోజూ పడుతున్నానని నాకు ఉత్తరంలో రాయాలి.

మీ వదిన

*

కొత్త ఇల్లు,
వెనక గుమ్మం

వదినగారికి,

ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదని కోప్పడకండి. మీ మేనకోడలు పాకడం మొదలుపెట్టింది. ముందుకి కాదు, పక్కకి. అందుకని పీత అని పేరు పెట్టాం. పది నెలల పీత ఇల్లంతా తిరుగుతుంటే ఉత్తరాలు రాసే తీరిక ఎక్కడిది చెప్పండి.

నీళ్ల విషయంలో మీ మాట జవదాటలేదు. మీరు బాగా మరగాలన్నారు, నేను గిన్నెడు నీళ్లు సగం గిన్నె అయ్యేదాకా మరిగిస్తున్నాను. పీతకి రోజూ పడుతున్నాను. రాయమన్నారు కాబట్టి రాశాను. మీ తమ్ముడు ఆ నీళ్లు చప్పగా ఉన్నాయని ఇంట్లో ఉన్న రెండు రోజులూ స్టేషను నుంచి కూజాతో తెచ్చుకుని తాగుతున్నారు. ఆయనకి మీరే ఒక ఉత్తరం రాయాలి.

పక్కింట్లో కుట్టుమిషనావిడ స్నేహమైంది. పెద్దావిడ, మనవలకి బట్టలు కుడుతూ కాలక్షేపం చేస్తుంటుంది. ఆవిడ వాకిట్లోనే వీధికుళాయి ఉంది కాబట్టి మా పంపు మీద అసూయ లేదు. ఈ జాగా చరిత్రంతా ఆవిడే చెప్పింది. ఒకప్పుడు ఇక్కడ కరెంటు స్తంభాలకి వాడే కర్రల యార్డు ఉండేదట. పెద్ద తొట్టిలో ఆకుపచ్చ మందు నింపి కర్రల్ని ముంచి తీసేవాళ్లట, చెద పట్టకుండా. ఆ తొట్టి సరిగ్గా మన పంపు ఉన్న చోటేనట. ఇప్పటికీ తవ్వితే మట్టి అక్కడక్కడా పచ్చగా కనిపిస్తుంది.

మందు మహిమ ఏమో గానీ, ఇంటికి చీమల బాధ లేదు వదినా! మొన్న పీత బిస్కెట్టు ముక్క పెరట్లో పారేసింది. మర్నాడు చూస్తే పారేసింది పారేసినట్టే ఉంది. ఒక్క చీమ లేదు. పంపు చుట్టూ గడ్డి కూడా మొలవదు, ఊడ్చుకోవడం సులువు.

ఈమధ్య నాకే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. పీత వెనక పరుగులు కదా. ముసలితనం మీకు ముందొస్తుందనుకున్నాను, దారి తప్పి నా దగ్గరికి వచ్చినట్టుంది.

మీ మరదలు

*

ల్యాబు

మరదలికి,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పంపు నీళ్లు రెండు పెద్ద సీసాల నిండా పట్టి, ఇదే డ్రైవరు చేత తిరుగు బస్సులో పంపు. మరిగించని నీళ్లు పంపాలి. మా దగ్గరికి కొత్త పరికరం వచ్చింది, దానికి రకరకాల నీళ్లు కావాలట, అందుకని.

సీసాలు పంపాక పంపు వాడొద్దు. కుట్టుమిషనావిడ వాకిట్లో కుళాయి నీళ్లు తెచ్చుకో. వంటకి కూడా అవే. ఏమీ లేదు, ఊరికే. పంపులకి అప్పుడప్పుడు విశ్రాంతి ఇవ్వాలి.

పాప ఎలా ఉంది? వాంతులు, విరేచనాలు ఏమైనా అయ్యాయా? ఒంటిమీద మచ్చలు చూశావా? వెంటనే రాయి.

మీ వదిన

*

కొత్త ఇల్లు

వదినగారికి,

సీసాలు ఈ ఉత్తరంతో పాటే వస్తున్నాయి. డ్రైవరుగారు పాపం సీటు కింద పెట్టుకుని, కాళ్లతో అదిమి పట్టుకున్నారు.

పంపుకి విశ్రాంతి ఏమిటి వదినా? నేను మీ అంత చదువుకోలేదు గానీ మరీ అంత వెర్రిదాన్ని కాను. మీరు ఎప్పుడూ రెండు పేజీలకి తక్కువ రాయరు. ఈసారి అయిదారు ముక్కలు రాశారు, అందులో ఒక్క వెక్కిరింత లేదు. చదవగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. పీతని విప్పి, వెలుతుర్లో పడుకోబెట్టి వేలు వేలూ చూశాను. మచ్చల్లేవు. వాంతులు లేవు. నవ్వుతోంది. నేను చూస్తున్నది ఏదో ఆట అనుకుంది.

ఈ ఉత్తరం మొదలుపెట్టాకే మీ టెలిగ్రాం వచ్చింది. ‘పంపు ముట్టవద్దు’ అని. టెలిగ్రాం తెచ్చిన మనిషి ఎవరైనా పోయారా అని అడిగాడు. ఉత్తరం చాలదని టెలిగ్రాం కూడా ఇచ్చారంటే అది ఎంత పెద్ద సంగతి?

మీ తమ్ముడు ఏ స్టేషన్లో ఉన్నారో తెలీదు. నేను ఈ ఇంట్లో పంపుని చూస్తూ కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏది దాచినా నేను దానికి పదింతలు ఊహించుకుంటాను.

మీ మరదలు

*

ల్యాబు,
కిటికీ పక్క బల్ల

మరదలికి,

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. కూర్చుని చదువు.

కర్రకి చెద పట్టకుండా వాడే ఆకుపచ్చ మందులో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉంటాయి. ఆర్సెనిక్ అంటే పాషాణం. నీ ఉత్తరంలో పెరట్లో చీమ లేదన్న మాట దగ్గర ఆగిపోయి, వెనక్కి వెళ్లి తొట్టి సంగతి మళ్లీ చదివాను.

ఫాస్ఫేటూ, ఆర్సెనిక్ నుంచి వచ్చే ఆర్సెనేటూ ఒకే ఇంటి పిల్లలు. మాలిబ్డేటుకి తేడా తెలియదు. ఇద్దర్నీ ఒకేలా పట్టుకుంటుంది, ఇద్దరికీ ఒకే నీలం ఇస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు, కాలేజీలోనే చదివాను. కానీ మా బల్ల మీద నీలం అంటే సబ్బు. నీ సీసా నీలం తిరిగినప్పుడు కూడా నా నోటికి వచ్చిన మాట అదే, చేత్తో రాసింది అదే. ఆ తర్వాత భోజనానికి వెళ్లిపోయాను.

నువ్వు ఇప్పుడు పంపిన రెండు సీసాల్లో మొదటిదాన్ని ఆవిరి చేసి నాలుగు చెంచాల నీళ్లు మిగిల్చాను. ఈసారి నత్రికామ్లం, మాలిబ్డేటు కలిపాను. ఇందులో నీలం కాదు, అడుగున పసుపుపచ్చ పొడి దిగాలి. ఫాస్ఫేటయితే గోరువెచ్చగా ఉండగానే దిగుతుంది. గాజుగొట్టాన్ని గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టి, దిగు దిగు అని బతిమాలుతూ కూర్చున్నాను. దిగలేదు. మంట మీద పెట్టాను. మరగడం మొదలవగానే పచ్చగా దిగింది. ఆర్సెనిక్ అలాగే దిగుతుంది, మరిగితే గానీ బయటపడదు.

అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. రెండో సీసా తీశాను. ఫొటోలు కడిగేవాళ్లు వాడే హైపో ఉంది చూడు, దాన్ని ఆమ్లంతో కలిపి ముందుగా వేస్తే ఆర్సెనేటు వేరే రూపానికి మారిపోతుంది. ఆ రూపాన్ని మాలిబ్డేటు పట్టుకోలేదు, నీలం రాదు. ఫాస్ఫేటుని మాత్రం హైపో ఏమీ చేయదు, నీలం వచ్చి తీరుతుంది. ఒక గొట్టంలో హైపో వేశాను, ఇంకోదాంట్లో వేయలేదు. నీలం రా, నీలం రా అనుకున్నాను. ఆ రంగు కోసం నేనెప్పుడూ అంతగా ఆశపడలేదు. హైపో వేయనిది నీలమైంది. వేసింది మంచినీళ్లలా అలాగే ఉండిపోయింది.

అసలు భయం ఇప్పుడు చెబుతున్నాను. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఆర్సెనిక్ ఆవిరై పోదు. గిన్నె సగమైతే మిగిలిన నీళ్లలో విషం రెట్టింపవుతుంది. మరిగించమన్నది నేను. పాపకి పట్టమన్నది నేను. పడుతున్నట్టు రాయమని మరీ రాయించుకున్నాను.

ఇల్లు తాళం వేసి రైల్వే క్వార్టర్సుకి వెళ్లిపో. అక్కడుండే మా తమ్ముడి స్నేహితుడికి కబురు పెట్టాను, వాళ్లింట్లో ఉండొచ్చు. ఆరోగ్యశాఖకి రాశాను, ఆ వీధిలో మిగతా పంపులన్నీ చూడాలి. పాప మూత్రం ఒక సీసాలో పట్టి పంపు. నీది కూడా వేరే సీసాలో పంపు, పక్కన పెట్టి పోల్చడానికి. నువ్వు పెద్దదానివి, నీ ఒళ్లు తట్టుకుంటుంది. నీదానితో పోలిస్తే పాపది ఎంత ఎక్కువో తెలుస్తుంది. మూత్రంలో ఫాస్ఫేటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి మాలిబ్డేటు అక్కడ పనికిరాదు. ఆసుపత్రి ల్యాబులో కాగితం పరీక్ష చేయిస్తాను. ఆర్సెనిక్ ఎంత ఉంటే కాగితం అంత ముదురు రంగు తిరుగుతుంది.

పాప తింటోందా? నిద్రపోతోందా? చేతులు చూడు, కళ్లు చూడు. గంటకోసారి చూడు.

మీ వదిన

*

రైల్వే క్వార్టర్సు,
ముందు గది

వదినగారికి,

రెండు సీసాలూ పంపుతున్నాను. ఎర్ర దారం కట్టింది పీతది. నల్ల దారం కట్టింది నాది. పీతది పట్టడానికి పడ్డ తిప్పలు ఇంకెప్పుడైనా అయితే నవ్వుతూ చెప్పేదాన్ని.

మీ మీద కోపం రాలేదంటే అబద్ధం. ఉత్తరం చదివి, అరికాలి మంట నెత్తికెక్కి, కాగితం నలిపి విసిరేశాను. మళ్లీ వెతుక్కుని చదివాను. కోపం నిలవలేదు, భయానికి చోటు కావాలి కదా. మీ తమ్ముడు వచ్చారు, ఒక పూట ఉన్నారు. నేనే ఎంచిన ఇల్లు, నేనే ఎంచిన ఇల్లు అంటూ గదంతా తిరిగి మళ్లీ డ్యూటీకి వెళ్లారు. సెలవు ఇవ్వలేదట.

పీత ఏడుస్తోంది. జబ్బు కాదు, ఆకలి. డబ్బాపాలు పడుతున్నాను, తాగనని మొరాయిస్తోంది.

ఒక సందేహం. నాది కాదు, కుట్టుమిషనావిడ అడగమంది. ఈ నీళ్లు తల్లి తాగితే ఆ విషం పాలల్లోకి దిగుతుందా? ఎంత దిగుతుంది? నీళ్లలో ఉన్నంతా దిగుతుందా? ఆవిడ చాలా కంగారు పడుతోంది. మిగతావి తర్వాత రాసినా ఫరవాలేదు గానీ దీనికి మాత్రం వెంటనే జవాబు రాయండి.

మీ మరదలు

*

ఆసుపత్రి ల్యాబు,
వరండాలో బల్ల

మరదలికి,

కాగితాలు నా ముందు ఉన్నాయి. ఎర్ర దారం సీసా కాగితం దాదాపు తెల్లగా ఉంది, అంచున లేత పసుపు జాడ, అంతే. నల్ల దారం సీసా కాగితం ముదురు గోధుమరంగు తిరిగింది. ఇక్కడి డాక్టరు దాన్ని చూసి ఈ మనిషి ఎక్కడున్నారని అడిగారు.

దారాలు మారాయా? కంగారులో ఒకదానికి కట్టాల్సింది ఇంకోదానికి కట్టావా? నిజం చెప్పు. గోధుమరంగు పాపదైతే ఈ పూటే ఆసుపత్రిలో చేర్చాలి. మిగిలిన దాంతో మళ్లీ చేయిస్తున్నాను, అది తేలేదాకా ఇక్కణ్నించి కదలను.

నువ్వు అడిగిన దానికి జవాబు. డాక్టరుని అడిగాను. తల్లి తాగినా పాలల్లోకి దిగేది చాలా తక్కువట, లేదనే చెప్పొచ్చట.

ఇది రాస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. మనవలకి బట్టలు కుట్టే మనిషికి తల్లిపాల సంగతి ఎందుకు? పైగా వాకిట్లో కుళాయి ఉన్న మనిషి మీ పంపు నీళ్లు ఎప్పుడు తాగింది? ఈ సందేహం ఎవరిది? నాకు తోచింది నిజం కాకూడదని ఉంది, నిజం కావాలనీ ఉంది.

మీ వదిన

*

రైల్వే క్వార్టర్సు

వదినా,

దారాలు మారలేదు. ఎర్రది పీతదే. నల్లది నాదే.

మొదటి రోజు గ్లాసు మూతికి ఆనించగానే పీత ఉమ్మేసింది. రెండో రోజూ అంతే. తిండి పెడితే నాలుక మీద పెట్టుకుని బయటికి నెట్టేసేది. నేను కరిగిపోయాను, మీరు అన్నట్టే. మళ్లీ నా పాలే పట్టాను. ఆ మాట మీకు రాయడానికి చేతులు రాలేదు, పడుతున్నానని రాశాను. నీళ్లు మాత్రం రోజూ మరిగించాను, అందులో అబద్ధం లేదు. అంతసేపు పొయ్యి దగ్గర నిలబడి కాచిన నీళ్లు పారబోయడానికి మనసొప్పక నేనే తాగేదాన్ని. పీత వాటా కూడా నేనే తాగాను. మీరు మంచిదన్నారు కదా, పాలు పట్టే తల్లికి కూడా మంచిదే అయ్యుంటుందనుకున్నాను.

మీ ఉత్తరం చదివాక నేను విషం తాగానన్న ఆలోచనే రాలేదు. నా పాలే విషమయ్యాయేమో అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. పీత నా మీదికి ఎగబాకి రవిక లాగుతుంటే చేతులు పట్టుకుని ఆపాను. అది నా మొహంలోకి చూసి, నేను ఆడుకుంటున్నానని నవ్వింది. ఆనక నవ్వు ఆపి ఏడ్చింది. మిమ్మల్ని అడగలేక కుట్టుమిషనావిడ పేరు వాడుకున్నాను.

దిగలేదు కదా వదినా? కాగితం తెల్లగా ఉంది కదా? మీ ఉత్తరం పట్టుకుని నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చాను. ఇంటివాళ్లు ఏదో ఘోరం జరిగిందనుకుని పరుగెత్తుకొచ్చారు. నా పిల్లకి ఏమీ కాలేదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు నా సంగతి రాస్తాను. ఇన్ని ఉత్తరాల్లో మీరు అడగలేదు, నేనూ కాళ్ల తిమ్మిరి తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇద్దరి కళ్లూ పీత మీదే ఉన్నాయి. అరికాళ్లకి నేల తెలియడం లేదు. చెప్పు ఊడిపోయినా చూస్తే గానీ తెలియదు. అరచేతుల్లో ఆవగింజలంత గట్టి బుడిపెలు లేచాయి, పంపు కొట్టడం వల్ల అనుకున్నాను. వీపు మీద మచ్చలున్నాయని ఇంటావిడ ఇవాళే చెప్పింది. నిన్నటిదాకా పిల్ల కోసం భయపడటంతోనే సరిపోయింది. ఇవాళ దాని భయం దిగింది, నా భయం మొదలైంది. డాక్టరు నేనెక్కడున్నానని ఎందుకు అడిగారు వదినా?

మీ తమ్ముడు బండి మీద ఉన్నారు. పీత నా పక్కనే పడుకుని ఉంది, దాని కాలు నా అరికాలి మీద వేసింది. వేసిందని కళ్లతో చూసి తెలుసుకున్నాను.

జవాబు రాయకండి. మీరే రండి.